ఒక్క క్షణం కూడా ఆగలేదు

మూసీ మూసారాంబాగ్ వంతెన మీదికెక్కి పారిన ఏడు అది. కరోనా ఏడు అని కూడా అనవచ్చు. కానీ శివయ్య లెక్క వరదతోనే. ఆ వానకు ముందు సుక్కమ్మ ఉంది. ఆ వాన వెలిసేసరికి లేదు.

ఇబ్రహీంపట్నంలో మంచాల పోయే రోడ్డు మీద శివయ్యది మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన బావి మోటార్లు వస్తాయి. లోపలి మాడిన రాగి తీగ కోసి పీకాలి. గాడులు తుడిచి కొత్త కాగితం వేయాలి. కొత్త తీగ చుట్టలు ఒక్కొక్కటే గాడుల్లోకి దించి, బయటికి మిగిలిన అంచును దారంతో బిగించి కట్టాలి. ఆ పైన వార్నిష్ పోసి ఎండబెట్టాలి. కట్టు వదులైతే మోటారు తిరిగేటప్పుడు తీగ అదిరి, ఒకదానికొకటి రాసుకొని మళ్లీ కాలిపోతుంది. శివయ్య కట్టు కదలదని మంచాల దాకా పేరు.

సుక్కమ్మను నగరంలోని పెద్ద దవాఖానలో వేసిన నాటి నుంచి మధ్యాహ్నం తిండి వేళ దాటగానే ఫోన్ వచ్చేది. కరోనా వార్డులోకి ఎవరినీ రానివ్వరు గనుక దవాఖాన వాళ్లు చేసిన ఏర్పాటు అది. సిస్టర్ పలక లాంటి ఫోన్‌ను మంచం కడ్డీకి తగిలిస్తే ఇక్కడ శివయ్య ఫోన్‌లో ఆమె మొహం కనబడేది. ముక్కూ నోరూ కప్పిన మాస్కు, దాని పైన రెండు కళ్లు. శివయ్య ఫోన్‌ను వార్నిష్ డబ్బాకు ఆనించి నిలబెట్టేవాడు.

"తిన్నవా?"

ఆమె తల ఊపేది.

"మందులేసిన్రా?"

మళ్లీ తల ఊపేది.

అంతే. ఇంట్లో ఉన్నప్పుడూ వాళ్లకు అంతకంటే మాటల్లేవు. అతను పని చేసుకునేవాడు, ఆమె చూస్తూ ఉండేది. సిస్టర్ వచ్చి ఫోన్ తీసేదాకా అలాగే గడిచేది.

పక్క చాయ్ బండి జంగాకు ఇది వింత. "ఏందన్నా, ఫోన్ల ఫోటో పెట్టుకున్నట్టు పెట్టుకుంటవ్! నువ్ మాట్లాడవు, వదిన మాట్లాడదు. నెట్టు దండుగ."

"నీదేం పోతుంది?" అన్నాడు శివయ్య.

"నాదేం పోతదే! జనం జూడు, 'హలో, వినొస్తుందా, వినొస్తుందా' అని గొంతు చించుకుంటరు. మీ ఇద్దరికి ఫోనెందుకు, కిటికి చాలు."

మాస్కు పైన సుక్కమ్మ కళ్లు చిన్నవయ్యాయి. నవ్వింది. తర్వాత చెయ్యి లేపి వేలు చూపింది. ఆ వేలికి దవాఖాన క్లిప్పు ఉంది. శివయ్య చేతిలోని మోటారు చట్రాన్ని తిప్పి చూసుకున్నాడు. వెనక మూల ఒక దారం ముడి వదులుగా ఉంది. ముడి విప్పి మళ్లీ బిగించాడు. వేలు దిగింది.

వాన మంగళవారం పట్టుకుంది. తెల్లారేసరికి షాపులో చీలమండ లోతు నీళ్లు. మోటార్లన్నీ బెంచి మీదికెక్కించి, తాను స్టూలు మీద కాళ్లు ముడుచుకొని కూర్చున్నాడు శివయ్య. పొద్దున డాక్టరు ఫోన్ చేసి, ఇవాళ కొంచెం కష్టంగా ఉంది, ధైర్యంగా ఉండాలి అన్నాడు. ధైర్యంగా ఉండమన్నప్పటి నుంచి శివయ్యకు చేతులు ఆడలేదు.

మధ్యాహ్నం కాల్ వచ్చింది. సుక్కమ్మ రొమ్ము ఎగసి పడుతోంది. "ఎక్కువ మాట్లాడించకండి తాతా," అంది సిస్టర్, పక్కకు పోతూ.

శివయ్య ఒక చట్రం ఒళ్లో పెట్టుకొని దారం కట్టసాగాడు. తల వంచితే ఆ పని అయ్యేదాకా ఎత్తడు. కట్టు పూర్తి చేసి, రెండు చేతులతో ఎత్తి ఫోన్ ముందు తిప్పి చూపాడు. వేలు లేవలేదు. ఆమె కళ్లు తెరుచుకొని సూటిగా అతన్నే చూస్తున్నాయి. ఫోన్‌లో ఒక మూలకు చిన్న చక్రం తిరుగుతోంది. వాన పడిన రోజుల్లో అది తిరుగుతూనే ఉంటుంది. వంక పెట్టలేదంటే బాగున్నట్టే అనుకున్నాడు.

జంగా బండి తీయలేదు. రోడ్డు మీద ఎవరూ లేరు.

"సుక్కమ్మా," అన్నాడు శివయ్య. ఇన్నేళ్లూ 'ఏమే' అనడమే తప్ప పేరు పెట్టి పిలిచింది లేదు. నోట్లో పేరు కొత్తగా ఉంది.

"జనమంత శివయ్య కట్టు అంటరు. కట్టు నాది కాదు, నీది. తీగ వేసుడే నాది. మాడిన తీగ పీకి పీకి నీ బొటనేలు పగిల్తె, గుడ్డ పేలిక చుట్టుకొని మరీ దారం కట్టినవ్. గిరాకి మెచ్చుకుంటుంటే నువ్ పక్కనే ఉంటివి. నేను అవ్ అనుకుంట నిలవడితి. ఒక్కనికి గూడ చెప్పలె. ఆడిదాని చేతిపని అంటే మోటర్లు రావనుకున్న."

ఆగాడు. ఆమె చూస్తూనే ఉంది.

"నువ్ లేకపోతే నా కట్టు నిలవడదు. గిది నేను ఎన్నడో చెప్పాల్సింది నీకు. ఇంక మీదికెళ్లి వచ్చినోనికల్ల చెప్త. విన్నవా? తల ఊపకు, తిప్పలైతది. చూడు. చూస్తే చాలు."

ఆమె అతను చెప్పినట్టే చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి ఫోన్ తనంతట తానే నల్లబడింది. సిస్టర్ తీసుకుపోయింది కాబోలు అనుకొని శివయ్య దాన్ని తువ్వాలతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒళ్లు తేలికైంది. లేచి చేటతో నీళ్లు ఎత్తిపోయసాగాడు.

దీపాలు పెట్టే వేళకు దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది.

ఆ మధ్యాహ్నమే, బొంగులూరు అవతల యమున పనిచేసే డేటా సెంటర్‌లోకీ నీళ్లొచ్చాయి. యమున శివయ్య కూతురు. శేరిగూడలో ఇంజనీరింగ్ చదివి అక్కడ కాంట్రాక్టు మీద చేరింది. వెనక కొత్త వెంచర్ కోసం పూడ్చిన వాగు, బండ్లు దిగే వాలు మీంచి కింది అంతస్తులోకి వచ్చింది. అక్కడే కరెంటు గదులు. కరెంటు తీసేయాలి. తీసేలోగా దాని మీద నడిచే సర్వర్లన్నీ ఖాళీ చేయాలి.

ఖాళీ చేయడమంటే మోసుకుపోవడం కాదు. ఒక పెద్ద సర్వర్ లోపల చాలా మెషీన్లు ఉంటాయి. ఇనుముతో చేసినవి కావు, లెక్కలతో చేసినవి. ఒక ఇంటి వాటాల్లో పది కాపురాలున్నట్టు ఉంటాయి. అందులో ఒక కాపురాన్ని పొయ్యి ఆర్పకుండా, కుండ దించకుండా పై అంతస్తు సర్వర్‌లోకి మార్చవచ్చు. నడుస్తున్న మెషీన్‌కు తాను మారిన సంగతి కూడా తెలియదు. అలా మార్చవలసిన వాటిలో ఒకటి సుక్కమ్మ ఉన్న దవాఖానది. వార్డు ఫోన్లన్నీ దాని మీదుగానే ఇళ్లకు పోతాయి.

దాని వంతు రాగానే యమున చెయ్యి కీబోర్డు మీద ఆగింది.

"సార్, ముందుగాల స్విచ్‌ల ఉన్న పోర్ట్ స్టేట్ తీసి అటు పెడ్దాం. తర్వాత మెషీన్ మారుద్దాం. లేకపోతే నడుస్తున్న కాల్స్ తెగిపోతయ్."

స్విచ్ అంటే గోడ మీది స్విచ్ కాదు. ఎవరి మాట ఎటు పోవాలో చూసే చోటు. అందులో ప్రతి మెషీన్‌కూ ఒక గుమ్మం ఉంటుంది, దాన్ని పోర్టు అంటారు. ఇప్పుడు ఎవరెవరి మాట నడుస్తోందో, ఎవరిని లోపలికి రానివ్వాలో ఆ పోర్టు గుర్తు పెట్టుకుంటుంది. మెషీన్ వేరే చోటికి పోతే అక్కడ దానికి కొత్త పోర్టు. పాత పోర్టులోని గుర్తులు తీసి కొత్తదానికి ఇస్తే మాటలు తెగవు. ఇవ్వకపోతే మెషీన్ బతికే ఉంటుంది, కానీ గుమ్మానికి ఎవరూ తెలియరు.

విద్యాసాగర్ ఆమె పై అధికారి. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉన్నాడు. కింది నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఎంతసేపు పడుతుంది?"

"చాయ్ తాగినంత సేపు సార్."

"నీళ్లు మెట్లెక్కుతుంటే చాయ్ తాగుతావా? ముందు మెషీన్ బతకాలి. కాల్ పోతే వాళ్లే మళ్లీ చేసుకుంటారు."

"అందరు చేసుకోరు సార్."

"ఎవరు చేసుకోరు?"

యమునకు ఒక మొహం గుర్తొచ్చింది. వార్నిష్ డబ్బాకు ఎదురుగా తల వంచుకొని దారం కట్టే మొహం. ఆ మనిషి ఎందుకు చేసుకోడో సార్‌కు ఎలా చెప్పాలో తెలియలేదు.

"మార్చు యమునా," అన్నాడు విద్యాసాగర్.

మార్చింది. తెర మీద గీత సాగి సాగి ఆకుపచ్చగా మారింది. "ఒక్క క్షణం కూడా ఆగలేదు!" అని విద్యాసాగర్ కేక వేశాడు. గదిలో వాళ్లు చప్పట్లు కొట్టారు. యమున కొత్త పోర్టు తెరిచి చూసింది. ఇళ్ల నుంచి వస్తున్న మాటలు గుమ్మం దాకా వచ్చి రాలిపోతున్నాయి. ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు. ఒక్కో నియమాన్ని చేత్తో కొట్టుకుంటూ పోయింది. వేళ్లు తడబడి కొట్టిందే కొట్టింది. దారి తెరుచుకునేసరికి పాత కాల్స్ ఒక్కటీ మిగల్లేదు.

ఫోన్లు గేటు దగ్గర ఇచ్చి లోపలికి రావాలి అక్కడ. సాయంత్రం ఆమె ఫోన్ తీసుకునేసరికి దవాఖాన నుంచి, జంగా నుంచి పిలుపులు వచ్చి ఉన్నాయి. తండ్రి నుంచి ఏదీ లేదు.

సుక్కమ్మను ఇంటికి ఇవ్వలేదు. ప్లాస్టిక్ బట్టలు తొడుక్కున్న మనుషులు బండిలోంచి దించి తీసుకుపోతుంటే తండ్రీ కూతురూ తాడు ఇవతల నిలబడి చూశారు. మొహం చూపించమని యమున అడిగింది. మూట విప్పకూడదన్నారు.

ఇంటికొచ్చి స్నానాలు చేశాక, యమున తండ్రి ముందు గంజి గిన్నె పెట్టింది. అతను గిన్నె ముట్టుకోలేదు. కానీ తనంతట తాను మాట్లాడాడు. అది ఆమె ఎరగని సంగతి.

"మొకం చూపియ్యకపోతె ఏంది బిడ్డా. నేను చూసిన. మధ్యాహ్నం మస్తుసేపు చూసిన."

యమున చేతిలో నీళ్ల చెంబు ఉంది.

"ఎన్నడు చెప్పని ముచ్చట చెప్పిన మీ అమ్మకు. కన్నార్పకుండ విన్నది. ఒక్కసారి గూడ రెప్ప వెయ్యలె."

యమున చెంబు కింద పెట్టి పెరట్లోకి పోయింది. తోమిన గిన్నెలే మళ్లీ తోమింది.

మర్నాడు విద్యాసాగర్ ఫోన్ చేశాడు. ఆమె చేతులు పిండిలో ఉండటంతో స్పీకర్ పెట్టింది. అమ్మ సంగతికి బాధపడ్డాడు. నిజంగానే బాధపడ్డాడు. తర్వాత గొంతు సవరించుకొని, "దవాఖాన వాళ్లు అడిగారు యమునా. ఒక్క కాల్ కూడా తెగిపోలేదని చెప్పాను. నిన్ను అడిగినా అదే చెప్పు. కాంట్రాక్టులు మళ్లీ రాసే నెల ఇది. నీ పేరు నేనే ముందు పెడుతున్నాను," అన్నాడు.

శివయ్య గోడకు ఆనుకొని వింటున్నాడు. "మంచోడే మీ సారు," అన్నాడు.

షాపు తెరవక తప్పలేదు. మునిగిన మోటార్లు ట్రాలీ ఆటోల్లో వచ్చి షాపు ముందు వరసగా పడి ఉన్నాయి. లోపలి బురద కడిగి, ఇనుప డ్రమ్ములో పెట్టి, పెద్ద బల్బు వేలాడదీసి ఆ వేడికి ఆరబెట్టాలి. కాలిపోయినవాటికి కొత్త తీగ. యమున సెలవు పెట్టి తల్లి స్టూలు మీద కూర్చొని మాడిన తీగ పీకుతోంది. రెండు మోటార్లకే ఆమె వేళ్లు కమిలాయి.

మంచాల భిక్షం తన మోటారు దించుకొని వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. మాస్కు మెడకు వేలాడుతోంది.

"బురద బుక్కిందే శివన్నా. లేకపోతె నీ కట్టుకు ఏం కాదు. ఇన్నేండ్లు కదల్లె."

"గది నా కట్టు కాదు. మా ఆమెది," అన్నాడు శివయ్య.

భిక్షం తల ఊపాడు. దుఃఖంలో ఉన్న మనిషి ఏదో అంటున్నాడనుకున్నాడు. "వదిన పోయిందని విన్న. ఏ దవాఖాన్ల?"

శివయ్య చెప్పాడు. భిక్షం నిలబడ్డవాడు మోటారు మీదే కూలబడ్డాడు.

"మా నాగయ్యన్న గూడ గా దవాఖాన్లనే పోయిండు. గా వాన రోజే."

రోడ్డు వైపు చూస్తూ తనే మొదలుపెట్టాడు. "పొలం గెట్టు కాడ కొట్లాడినం. నాతోని మాట బంద్ పెట్టిండు. ఇద్దరం ఒక్క బస్సెక్కితె ఒకడు దిగిపోతుండె. ఆఖరికి నేను మా వదినె కాళ్లు మొక్కితె, గా రోజు మధ్యాహ్నం ఫోన్ల కలిపిండ్రు. 'అన్నా, నేను భిక్షాన్ని' అన్న. నా దిక్కు చూసిండు. చెయ్యి ఎత్తిండు శివన్నా. ఏమో అంటడనుకున్న. బంద్ జేసిండు!"

"బంద్ జేసిండా?"

"నా మొకం మీదనే. మళ్ల జేసిన, కలవలె. మళ్ల జేసిన. సచ్చేటోడు గూడ నన్ను వద్దన్నడు. ఇగ దినాలకు నేనేం మొకం పెట్టుకొని పోవాలె? అన్నం మింగుదమంటె గొంతుల దిగదే."

యమున చేతిలోంచి పటకారు కింద పడింది. ఎవరూ తీయలేదు.

భిక్షం వెళ్లిపోయాక చాలాసేపు ఇద్దరూ పని చేశారు. పొద్దు వాలుతుండగా యమున అంది:

"బాపు. నాగయ్య ఫోన్ బంద్ చెయ్యలె."

శివయ్య తల ఎత్తాడు.

"మా కాడ మెషీన్ మార్చినం గా రోజు. పాత గేటు కాడ వాచ్‌మన్‌కు ఎవరు లోపలున్నరో, ఎవరిని పంపాలెనో ఎరుకుంటది గద. కొత్త గేటుకు పోయినప్పుడు గా వాచ్‌మన్ కొత్తోనికి అన్ని చెప్పి పోవాలె. మేం చెప్పనియ్యలె. కొత్తోడు అందరిని బయటనే ఆపిండు. నడుస్తున్న ఫోన్లన్ని తెగినయ్. మెషీన్ మాత్రం ఒక్క క్షణం గూడ ఆగలె. నేనే మార్చిన బాపు. నా చేతుల్తోనే."

శివయ్య చేతిలోని తీగను వేలికి చుట్టాడు. విప్పాడు. మళ్లీ చుట్టాడు.

"మీ సారు ఒక్కటి గూడ తెగలె అనె."

"అబద్ధం."

"మరి నాది?"

"నీది గూడ. కొన్ని ఫోన్లు ఎంబడే బంద్ అయితయ్, కొన్నిట్ల ఆఖరి బొమ్మ గట్లనే నిలవడిపోతది బాపు. గందుకే రెప్ప…"

"విన్నది," అన్నాడు శివయ్య.

"బాపు…"

"కట్టు జూపిస్తె వంక పెట్టలె. తల ఊపకు అన్న, ఊపలె. నువ్ ఉన్నవా ఆడ? నేనున్న. విన్నది."

అతను అంత గట్టిగా మాట్లాడటం యమున ఎప్పుడూ వినలేదు. జంగా బండి దగ్గర చాయ్ తాగేవాళ్లు ఇటు తిరిగి చూశారు. ఆమె పటకారు తీసి పెట్టెలో పెట్టి, "నేను దవాఖానోళ్లకు చెప్త. నౌకరి పోతె పోనీ," అంది. శివయ్య తన ఫోన్ తీసి, నల్లటి అద్దంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి పోయాక అన్నం ముందు కూడా అలాగే కూర్చున్నాడు.

తెల్లవారి శివయ్య షాపు తెరవలేదు. మొదటి బస్సుకు మంచాల పోయాడు. ఊరి బయట దిగి, దారి పొడుగునా పడిపోయిన పత్తి చేల మధ్య నుంచి అడుగుతూ అడుగుతూ నడిచాడు. భిక్షం చేను గట్టు వాన కోతకు తెగింది. అతను పారతో మన్ను ఎత్తి పోస్తున్నాడు.

"అప్పుడే అయిందా మోటర్?" అన్నాడు భిక్షం, పార ఆపి.

"కాలె."

"మరి గింత పొద్దుగాల?"

శివయ్య చెప్పులు బురదలో కూరుకుపోయాయి. వాటిని వదిలేసి గట్టు మీదికెక్కాడు.

"మీ అన్న ఫోన్ బంద్ చెయ్యలె భిక్షం. చెయ్యి ఎత్తింది బంద్ చెయ్యనీకి కాదు. అది మిషన్ కాడ తెగింది. మా యమున పనిచేసే కాడ. మా బిడ్డ చేతుల మీదనే."

భిక్షం పార మన్నులో గుచ్చాడు. "నన్ను ఊరడియ్యనీకి వచ్చినవా శివన్నా? నేను అన్నం తింటలేనని చెప్పిన్రా ఎవరన్న?"

"నాకు ఊరడిచ్చుడు రాదు."

"మరి నీకెట్ల ఎరుక? నువ్ జూసినవా?"

కొత్తగా పోసిన మన్ను కాలి కింద జారుతుంటే, శివయ్య చెయ్యి చాపి భిక్షం పార కర్ర పట్టుకొని నిలదొక్కుకున్నాడు.

"గదే యాళ్లకు నాది గూడ తెగింది," అన్నాడు. "నేను మస్తు చెప్పిన. మా సుక్కమ్మ ఒక్క మాట గూడ వినలె."